వైండింగ్ తాత కుడిల్

మా అపార్ట్‌మెంట్ కింది ఇంటి వైండింగ్ తాత పోయాడు. డిసెంబరు రెండో వారంలో ఒక పొద్దున, బడికి బయలుదేరుతూ స్కూటర్ తాళంచెవి కోసం నేను సంచి కెలుక్కుంటూ ఉంటే, తాత భార్య వచ్చి మెట్ల దగ్గర నిలబడింది. ఆమెను మేమంతా అవ్వ అంటాం. ఆస్పత్రి నుంచి అప్పుడే ఆటోలో దిగినట్టుంది, ఫ్లాస్కు ఇంకా చేతిలోనే ఉంది. "టీచరమ్మా, మీ తాత పాయె. తెల్లారేటప్పటికి నిద్దర్లోనే పాయె," అంది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. అవ్వ, "కుడిల్‌లో ముగ్గురూ కిందనే ఉండిపాయిరి గదమ్మా. ఇంగ వాళ్లనెవురు ఎత్తేది?" అంది.

మొగుడు పోయిన పూట ఒక ఆడమనిషి అడిగే మాటేనా ఇది అని మీకు అనిపించవచ్చు. మా బిల్డింగులో తొమ్మిది ఇళ్లున్నాయి. ఆ పొద్దున తొమ్మిది ఇళ్లలోనూ ఏడుపు తర్వాత వచ్చిన రెండో మాట అదే. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

కుడిల్ అంటే క్రిస్మస్‌కు కట్టే పశువుల పాక. గడ్డి కప్పు, తొట్టి, బాలయేసు, మరియమ్మ, యోసేపు, గొర్రెలు, కాపరులు, ముగ్గురు జ్ఞానులు, ఇవన్నీ అందులో బొమ్మలు. మా బంగారు గనుల ఊరు కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో తమిళం వాళ్లూ తెలుగు వాళ్లూ అందరూ దాన్ని కుడిల్ అనే అంటారు. డిసెంబరు వచ్చిందంటే మా రాబర్ట్‌సన్‌పేటలో వీధికి నాలుగు లేస్తాయి. కానీ మా పార్కింగ్‌లో తాత కట్టేటటువంటిది ఇంకెక్కడా లేదు. అందులో జ్ఞానులు ఒంటెల మీద రారు. గని లోపలినుంచి కేజ్ ఎక్కి పైకి వస్తారు.

కేజ్ అంటే గనిలోకి మనుషులను దించే ఇనుప గది. దాన్ని తాడు మీద దించేదీ ఎత్తేదీ వైండింగ్ ఇంజిన్. ఆ ఇంజిన్ నడిపిన డ్రైవరు మా తాత. గని మూతికి దూరంగా ఒక పెద్ద హాల్లో కూర్చుని, కేజ్ కంటికి కనబడకుండానే, గంట మోత విని, ఎదురుగా ఉన్న డయలు మీద ముల్లు చూసి, కొన్ని వేల అడుగుల లోతుకు మనుషులను దించి మళ్లీ పైకి తెచ్చేవాడు. ముప్ఫై ఏళ్లకు పైగా అదే పని. గనులు మూసేసిన కొన్నాళ్లకు, కార్మికుల లైన్లలో ఉన్న ఇల్లు వదిలి, బజారు వెనక ఉన్న మా అపార్ట్‌మెంటుకు వచ్చి చేరాడు. పిల్లలు వైండింగ్ తాత అని పేరు పెట్టారు. పిల్లలతో పాటు నేనూ తాతా అనే పిలిచాను.

మా బిల్డింగుకు మూడంతస్తులు, ఒక లిఫ్టు. ఆ లిఫ్టును చూస్తే తాతకు ఒళ్లు మంట. ఆయనది కింది ఇల్లే, దాన్ని ఎక్కే అవసరమే లేదు. అయినా సాయంత్రం కాగానే దానికెదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. అది దబ్బున ఆగినప్పుడల్లా లోపలినుంచి దిగినవాళ్లకు తానే నడిపినట్టు క్షమాపణ చెప్పేవాడు. "ఎత్తేది ఎవురైనా ఎత్తుతారమ్మా. నిలిపేది తెలియాల. నిలిచినట్టు లోపలి మనిషికి తెలియగూడదు. చేతిలో కాఫీ లోటా ఉంటే తొణకగూడదు," అనేవాడు. లిఫ్టు మెకానిక్కును ఆయన ఎన్ని ప్రశ్నలు అడిగేవాడంటే, ఆ మనిషి తాత భోజనానికి లేచే వేళ కనుక్కుని అప్పుడే వచ్చి పని చూసుకుని పోయేవాడు.

ఆ కుర్చీకి ఇంకో పని కూడా ఉండేది. మా ఊళ్లో సగం మంది పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు పనికి పోయి, దీపాలు పెట్టే వేళకు తిరిగి వస్తారు. మా ఆయనా అంతే. తాత ఒక్కొక్కరినీ గేటు దగ్గర లెక్కపెట్టేవాడు. "రెండో అంతస్తు భాయి వచ్చినాడు. మీ ఆయన వచ్చినాడు. పైనుండే ఇంజినీరు ఇంగా రాలా," అని అవ్వకు వినబడేలా చెప్పేవాడు. ఆఖరి మనిషి గేటు దాటేదాకా అన్నానికి లేచేవాడు కాదు. అవ్వ లోపలినుంచి తిట్టేది. ఆ తిట్లు మా అందరికీ ఎంత అలవాటంటే, ఆలస్యంగా వచ్చిన రోజు మా ఆయన తాతకు కాదు, అవ్వకు సంజాయిషీ చెప్పుకునేవాడు.

నేను బేతమంగళ దగ్గర పల్లెలో పుట్టాను. మాది పట్టుపురుగులు పెంచే ఇల్లు, కొంచెం రాగి చేను. క్రిస్మస్ అంటే నాకు తెలిసింది బస్సు కిటికీలోనుంచి కనబడే రంగు నక్షత్రాలు మాత్రమే. మేము ఈ బిల్డింగులోకి వచ్చిన మొదటి డిసెంబరులో ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి నా స్కూటర్ పెట్టే చోట గోతాం పట్టలతో ఒక కొండ లేచి ఉంది. కొండ వెనక తాత మోకాళ్ల మీద కూర్చుని మేకులు కొడుతున్నాడు. ఊరుకునే స్వభావం నాకు చిన్నప్పటినుంచీ లేదు.

"ఇది నా బండి జాగా," అన్నాను.

"అవునమ్మా, నీదే. డిసెంబరు తప్పితే పదకొండు నెలలూ నీదే."

"మీ కొండను ఆ పక్కకు జరుపుకోండి."

"కొండను జరపొచ్చు. గని షాఫ్టును జరిపేదానికి అయితుందా? అది యాడుంటే ఆడనే గదా," అని, పక్కకు తప్పుకుని చూపించాడు.

కొండ వెనక బిల్డింగు పాత సంపు ఉంది. నీళ్లు రాక ఏనాడో ఎండిపోయిన తొట్టి అది, భూమిలోకి ఎనిమిది అడుగుల లోతు. దాని మూత తీసి, పైన సైకిల్ ఊచలతో, దారం రీళ్ల చెక్క చక్రాలతో గని మూతి మీద ఉండే ఇనుప గోపురం లాంటిది ఒకటి నిలబెట్టాడు. బిస్కెట్ల డబ్బా రేకును కత్తిరించి కేజ్ చేశాడు. దానికి కట్టిన సన్నతాడు చక్రాల మీదుగా వచ్చి ఒక పిడికి చుట్టుకుంటుంది. పాతది విరిగితే ఆ ఏడే పెట్టిన ఆ పిడి అవ్వ కుట్టుమిషన్‌ది. అవ్వకు ఆ సంగతి అప్పటికింకా తెలియదు.

నేను అరవడానికి వచ్చినదాన్ని, అరవడం మరిచిపోయి అది ఎట్లా తిరుగుతుందని అడిగాను. ఆ నెలంతా నా స్కూటరు గేటు పక్కన వానకూ మంచుకూ నిలబడింది. ఆ తర్వాత ప్రతి డిసెంబరూ అంతే.

తాత కుడిల్‌లో కొండలు బెత్లెహేము కొండలు కావు. మా ఊరి సైనైడ్ గుట్టలు, బంగారం తీసేశాక పారబోసిన గని మట్టి దిబ్బలు. గోతాం పట్టలను బూడిద కలిపిన బురదలో ముంచి ఆరబెడితే అచ్చం ఆ రంగే వచ్చేది. కాపరుల చేతిలో కర్రలతో పాటు టిఫిన్ క్యారియర్లు ఉండేవి. జ్ఞానుల కిరీటాల మీద మందుసీసాల మూతలు బోర్లించి, వాటికి గోరంత బల్బులు అతికించి హెల్మెట్లు చేశాడు. ఒంటెలు మాత్రం మూడూ పైన ఒక మేకుకు కట్టేసి ఉండేవి. ఎందుకని పిల్లలు అడిగితే, "కేజ్‌లో ఒంటెలకు యాడ పడుతుందప్పా జాగా? షిఫ్టు ముగిసేదాకా ఆడనే నిలబడుకోనీ," అన్నాడు.

దానికి ఒక పద్ధతి ఉండేది. డిసెంబరు మొదటి ఆదివారం చర్చి నుంచి వచ్చాక, తాత ముగ్గురు జ్ఞానులనూ కేజ్‌లో నిలబెట్టి సంపులోకి దించేవాడు. అప్పటినుంచి వాళ్లు కిందే ఉండాలి. క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం ఆరింటికి మళ్లీ పైకి తెచ్చేవాడు. ఆయన పాత జతగాడు ఒకాయన, గని మూతి దగ్గర గంట కొట్టే పని చేసినవాడు, లైన్లలోనుంచి వచ్చి సైకిల్ గంట పట్టుకుని పక్కన నిలబడేవాడు. గంట మోగితేనే పిడి తిరిగేది. సీరియల్ లైట్లు చుట్టడానికి, నక్షత్రాలు కట్టడానికి తాత పిల్లలందరినీ పిలిచేవాడు గానీ పిడిని మాత్రం ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. "మనుషులుండే కేజ్ ఇది. లైసెన్సు లేనోళ్లు పట్టుకోగూడదు," అనేవాడు. చూస్తే నవ్వుతూనే ఉండేవాడు, కానీ ఆ మాట నవ్వులాట కాదని పిల్లలకు కూడా తెలిసేది.

నక్షత్రాలు కొనడానికి మమ్మల్ని బజారుకు తీసుకుపోయేవాడు. క్రిస్మస్‌కు ముందు రాబర్ట్‌సన్‌పేట బజారును మీరు చూడాలి. చెప్పుల అంగడి, మందుల అంగడి, మటన్ అంగడి, దేనికీ మినహాయింపు లేదు, అన్నిటికీ నక్షత్రం వేలాడుతుంది. వీధికి ఈ పక్కనుంచి ఆ పక్కకు తాళ్లు కట్టి రంగుకాగితాలు అతికిస్తారు. బేకరీల ముందు కేకుల కోసం నిలబడ్డవాళ్లు, కొత్తబట్టల సంచులతో వచ్చేవాళ్లు, మధ్యలో బస్సు ముందుకు పోలేక హారను కొడుతూ ఉంటుంది. తాత ఎప్పుడూ ఒకే అంగడికి పోయేవాడు. అంగడి భాయి ఆయనను చూడగానే కాగితం నక్షత్రాల కట్ట కిందికి దించి, బేరం మాట ఎత్తకుండా టీ తెప్పించేవాడు. ఒకసారి దాంతోపాటు దూది పొట్లం కూడా పెట్టాడు.

"ఇదేంది?" అన్నాడు తాత.

"మంచు సార్. కొండల మీద వేస్తారు. అందురూ కొంటా ఉండారు."

"కోలారు జిల్లాలో మంచు యాడ పడిందప్పా?"

"ఈడ పడలా సార్. బెత్లెహేములో పడింటుంది."

"నువ్వు చూసినావా?"

"లేదు సార్. మీరు చూసినారా?"

తాత "సరే, ఒగ పొట్లం ఇయ్యి. గొర్రెలకు పనికొస్తాది," అని తీసుకున్నాడు. ఆ ఏడు మా గొర్రెలు కళ్లు కూడా కనబడనంత బొచ్చుతో ఉన్నాయి.

ఆయన ఎప్పుడూ తొమ్మిది నక్షత్రాలే కొనేవాడు, ఇంటికొకటి. ఎవర్నీ కట్టమని అడిగేవాడు కాదు. నక్షత్రాన్ని గుమ్మం పక్కన పెట్టి పోయేవాడు. సాయంత్రానికి తొమ్మిది బాల్కనీల్లోనూ వెలిగేవి. ఒకటో అంతస్తులో మడి కట్టుకునే ముసలమ్మ కూడా, దానిమీద నీళ్లు చిలకరించి మరీ కట్టించుకునేది.

నాకూ తాతకూ స్నేహం కుదిరింది రాగుల దగ్గర. కుడిల్ ముందు పచ్చగడ్డి కనబడాలని పళ్లెంలో రాగులు చల్లి మొలకెత్తిస్తారు. తాత ఇంజిన్ పనిలో ఎంత నేర్పరో పైరు పనిలో అంత శూన్యం. పూటకు నాలుగుసార్లు నీళ్లు పోసి, రెండేళ్లు వరసగా కుళ్లబెట్టాడు. మూడో ఏడు నేను పళ్లెం లాక్కున్నాను. "మీరు కేజ్ చూసుకోండి తాతా. చేను నాకు వదిలేయండి," అన్నాను. మా ఊరినుంచి తెచ్చిన రాగులు, కింద సన్నమట్టి, పైన తడిబట్ట. పదిహేను రోజులకు రెండు వేళ్ల ఎత్తున లేచాయి. తాత వాటిముందు కూర్చుని అరచేతితో నిమిరి, "మా వాళ్లంతా మట్టిని తవ్వి పారేసినోళ్లమ్మా. దాంట్లోనుంచి ఇట్లాంటిది వస్తాదని నాకెవురూ చెప్పలా," అన్నాడు. ఆ మాటకు నేను రెండు రోజులు గర్వంగా తిరిగాను.

ఇక పరీక్ష సంగతి. నా పరువు పోయిన సంగతి కాబట్టి దాచిపెట్టాలనే ఉంది, కానీ అది లేకపోతే ఈ కథ ముందుకు నడవదు. నేను ఊళ్లో ఒక చిన్న బడిలో మూడో తరగతికి టీచరును. ఒక డిసెంబరు పరీక్షలో వేరే టీచరు రాసిన ప్రశ్నపత్రంలో, ముగ్గురు జ్ఞానులు యేసును చూడడానికి ఎక్కడినుంచి వచ్చారు అని ఒక ప్రశ్న. దిద్దింది నేను. మా బిల్డింగు పిల్లలు ఇద్దరు 'గని లోపలినుంచి' అని రాశారు. నేను రైటు కొట్టాను. ఒకడు 'కేజ్‌లో' అని కూడా చేర్చాడని పక్కన 'గుడ్' అని రాశాను. ఒక అమ్మాయి 'తూర్పునుంచి' అని రాస్తే తప్పు కొట్టి, 'సరిగా చదువు' అని ఎర్రసిరాతో హెచ్చరించాను. నాకు తెలిసిన క్రిస్మస్ అంతా మా పార్కింగ్‌లో నేర్చుకున్నదే మరి. ఆ అమ్మాయి పాస్టరుగారి కూతురు.

మరునాడు పాస్టరుగారు ఆ కాగితంతో హెడ్‌మిస్ట్రెస్ గదిలో కూర్చుని ఉన్నారు.

"ఇది మీరు యాడ చదివినారు టీచర్?" అంది హెడ్‌మిస్ట్రెస్.

"చదవలేదు మేడమ్. చూసినాను. మా అపార్ట్‌మెంటులో."

ముందు పాస్టరుగారే నవ్వారు. అంతగా నవ్వే మనిషని ఎవరూ అనుకోలేదు. హెడ్‌మిస్ట్రెస్ నవ్వలేదు. నేను మూడు కాగితాలూ మళ్లీ దిద్ది, ఆ అమ్మాయికి మార్కు ఇచ్చి, ముఖం ఎర్రగా చేసుకుని ఇంటికొచ్చి, స్కూటరు గేటు దగ్గర పడేసి, నేరుగా తాత మీదికి పోయాను.

తాత నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆ బిడ్డకు మార్కు వెయ్యాల్సిందే. అయితే నువ్వు ముందు వేసిందీ తప్పు గాదమ్మా. తూర్పునుంచే వచ్చినారు. వాళ్లు ముగ్గురూ ఆ పొద్దు తూర్పు పక్కనే గదా పనిలో ఉండిరి," అన్నాడు.

"ఎవరు తాతా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. స్క్రూడ్రైవరు తీసుకుని లైట్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

అవ్వ లోపల గులాబీ పువ్వులు చేస్తూ ఉంది. అచ్చును పిండిలో ముంచి నూనెలో పెడుతూ, నా వైపు చూడకుండానే చెప్పింది. "మా పెండ్లయిన కొత్తల్లో అమ్మా. ఇట్లానే డిసెంబరు. లోపల ఎయిర్ బ్లాస్ట్ అయింది. రాయి పగిలి పడింది. పొద్దున ఈయన దించినోళ్లల్లో ముగ్గురు పైకి రాలా. కిందనించి గంట కొడతారు, కొడతారు అని ఆ కుర్చీలోనే కూచున్నాడు. వేరే డ్రైవరు వచ్చినా లెయ్యలా. నేను దించినోళ్లను నేనే ఎత్తాల అన్యాడు. మూడో దినం ఎత్తినాడు. ఎట్లా ఎత్తినాడో ఇంగ నీకు నేను చెప్పబన్లేదు." అచ్చునుంచి పువ్వు జారి నూనెలో తేలింది. అవ్వ దాన్ని తిప్పింది. "ఆ మరుసటి ఏడే కుడిల్‌కు కేజ్ కట్టినాడు. దాంట్లో వాళ్లు కాళ్లమీద నిలబడుకుని వస్తారు, చూడలా నువ్వు?"

నాకు ఏడుపు వచ్చింది. స్కూటర్ జాగా కోసం నేనన్న మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గు కూడా వచ్చింది. అవ్వ ఒక పువ్వు తీసి నా చేతిలో పెట్టి, "తినమ్మా, వేడిగుండాది. కుడిల్ కాడ ఏడిస్తే ఆయనకు నచ్చదు. నగతా ఉంటేనే వస్తారంట వాళ్లు," అంది.

అవ్వ నాకు చెప్పిందని తాతకు తెలుసు. అయినా మేమిద్దరం ఆ సంగతి ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఎప్పటిలాగే లిఫ్టును తిట్టుకున్నాం. పాస్టరుగారు మాత్రం ఆ ఏటినుంచి ప్రతి క్రిస్మస్ ముందురోజూ ఆరింటికి మా పార్కింగ్‌కు వచ్చి, కేజ్ పైకి వచ్చాకే చర్చికి పోయేవారు.

ఈ ఏడు తాత బాగా నీరసపడ్డాడు. గుట్టలు మేమే కట్టాం, ఆయన కుర్చీలోనుంచి వంకలు పెట్టాడు. నక్షత్రాలు మాత్రం తానే తెప్పించి ఇంటికొకటి పంపించాడు. మొదటి ఆదివారం మాత్రం లేచి వచ్చి, ముగ్గురినీ కేజ్‌లో నిలబెట్టి, తన చేత్తోనే కిందికి దించాడు. నాలుగు రోజులకు ఊపిరాడక ఆస్పత్రిలో చేర్చారు. నేను చూడడానికి పోతే, "ఈ ఆస్పత్రి లిఫ్టు మన దానికంటే అన్యాయమమ్మా. రోగులు ఎక్కేది గదా, సల్పమన్నా చూసుకోవద్దా?" అన్నాడు. రాగులు పోశావా అని అడిగాడు. పోశానన్నాను. "ఇరవైనాలుగుకు వచ్చేస్తాలే. ముగ్గురుండారు గదా కింద," అన్నాడు. రాలేకపోతే ఎవరు ఎత్తాలో చెప్పలేదు. రాలేకపోతానని ఆయన అనుకోలేదు.

సమాధి కార్యక్రమం అయిన మరునాడు అందరం పార్కింగ్‌లో చేరాం. ఈ ఏటికి నక్షత్రాలు తీసేద్దామా అని ఎవరో మెల్లగా అన్నారు. అవ్వ వింది. "ఆయన ఇచ్చినవి ఆయన పేరు చెప్పి పీకుతారా?" అంది. ఆ మాటతో అది ముగిసింది. మిగిలింది పిడి. మూడో అంతస్తు ఇంజినీరు మంచి మనసుతోనే, చిన్న మోటరు పెడతానని, నొక్కితే కేజ్ తనంతట తానే వచ్చి ఆగుతుందని చెప్పాడు.

"వద్దప్పా," అంది అవ్వ. "మోటరుకు చెయ్యి వణకదు. మనుషుల్ని ఎత్తేటప్పుడు చెయ్యి సల్ప వణకాల."

గంట కొట్టే పెద్దాయనను అడిగాం. ఆయన రెండు చేతులూ ముందుకు చాపి చూపించాడు. "నాకు సల్ప గాదమ్మా, శానా వణుకుతాయి. గంటకైతే పనికొస్తాను. అది ఎంత వణికితే అంత మోగుతుంది," అన్నాడు. అంత దుఃఖంలోనూ అందరం నవ్వాం.

అవ్వ చుట్టూ చూసి నా వైపు వేలు చూపించింది. "టీచరమ్మ ఎత్తుతాది. వాళ్లు గనిలోనించి వచ్చినారని నమ్మి మార్కేసింది ఈమె ఒకతే."

ముందు ఖాళీ కేజ్‌తో నాలుగుసార్లు తిప్పి నేర్చుకుంటానన్నాను. కేజ్ ఖాళీగా లేదు. అది కింద ఉంది, అందులో ముగ్గురున్నారు. మొదటిసారే అసలుసారి కావాలి.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఆరింటికి తొమ్మిది నక్షత్రాలూ వెలిగాయి. రాగి మొలకలు ఈసారి ఎప్పటికంటే ఒత్తుగా వచ్చాయి. లైన్లలోనుంచి ఎప్పుడూ వచ్చే పాత గని కార్మికులు ఏడెనిమిది మంది మఫ్లర్లు చుట్టుకుని వచ్చి ముందు వరసలో నిలబడ్డారు. పాస్టరుగారు వచ్చారు. గంట కొట్టే పెద్దాయన నా పక్కకు వచ్చి, తాడు మీద తాత కట్టిన గుర్తులు చూపించాడు. తెల్లదారం చేతికొస్తే మెల్లగా తిప్పాలి. ఎర్రదారం వస్తే నిలపాలి. అంతే అన్నాడు. గంట మోగింది.

బరువు పావుకిలో కూడా ఉండదు. కానీ నా అరచేతులు చెమటకు జారిపోతున్నాయి. ముప్ఫై ఏళ్లు ప్రతిరోజూ ఒక మనిషి ఈ భయంతోనే కుర్చీలో కూర్చున్నాడా అనిపించింది. అంత భయాన్ని దగ్గర పెట్టుకుని అంతగా ఎట్లా నవ్వాడా అనిపించింది. తెల్లదారం వచ్చింది. చెయ్యి నెమ్మదించాను. సంపు చీకట్లోనుంచి ముందు మూడు చుక్కల వెలుగు కనబడింది, తర్వాత హెల్మెట్లు, తర్వాత ముఖాలు. ఎర్రదారం. నిలిపాను. కేజ్ కొంచెం ఊగింది. చివర నిలబడ్డ జ్ఞాని ఒక పక్కకు ఒరిగి, మళ్లీ సర్దుకుని నిలబడ్డాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు ముందు వరసలో కర్ర పట్టుకుని నిలబడ్డ ఒక ముసలి కార్మికుడు వెనక్కి తిరిగి, పిల్లలనూ, ఇంజినీరునూ, అప్పుడే రైలు దిగి సంచితో వచ్చిన మా ఆయననూ చూసి, కొంచెం విసుగ్గా అన్నాడు. "ఏమప్పా, దారికి అడ్డంగా నిలబడినారే? జరగండి. వాళ్లను దిగనీండి."

అందరం రెండడుగులు వెనక్కి జరిగి, కేజ్ దగ్గరనుంచి గేటుదాకా ఒక మనిషి నడిచేంత దారి వదిలాం.